విస్తరాకు డేటాబేస్!

అసలుదానిలాగే ఉండాలి... కానీ అసలుది కాకూడదు. అడగ్గానే పుట్టాలి... పని అయిపోగానే ఆనవాలు లేకుండా పోవాలి. సాఫ్ట్‌వేర్ పరీక్షల కోసం నిపుణులు తయారుచేసే తాత్కాలిక డేటాబేస్‌ల తీరు ఇది. మన బ్యాంకు ఖాతా నుంచి రైలు టికెట్ దాకా అన్నీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్న రోజులివి. ఆ సాఫ్ట్‌వేర్ తప్పటడుగు వేయకుండా కాపాడే ఈ ‘వాడి పారేసే’ డేటాబేస్‌ల కథేంటో చూద్దామా!

2021 జూన్ 17 రాత్రి. అమెరికాలో హెచ్‌బీఓ మ్యాక్స్ చందాదారులు చాలామందికి ఓ ఈమెయిల్ వచ్చింది. ‘ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ నంబర్ 1’ అని దాని పేరు. తెరిచి చూస్తే లోపల ఒక్కటే ముక్క... ఇది పరీక్షల కోసం మాత్రమే వాడే నమూనా అని! కాసేపటికి కంపెనీ క్షమాపణ చెప్పింది. ఔను, మీరు ఊహించినట్టే ఇది మా ఇంటర్న్ చేసిన పొరపాటే అని ఒప్పుకుంది. దాంతో ప్రపంచం నలుమూలల నుంచీ సీనియర్ ఇంజినీర్లు ఆ కుర్రవాడికో అమ్మాయికో ధైర్యం చెబుతూ, తాము ఉద్యోగంలో చేసిన ఘనకార్యాలన్నీ వరసపెట్టి ఏకరవు పెట్టారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ అక్కడ జరిగిందేమిటి? పరీక్ష కోసం నాలుగు గోడల మధ్య జరగాల్సిన పని గడప దాటి నిజమైన మనుషుల దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లింది ఉత్త ఈమెయిల్ కాబట్టి సరిపోయింది. అదే మన ఖాతాలోని డబ్బయితే?

అసలు చేసేదేంట్రా?

హైదరాబాద్‌లో, బెంగళూరులో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లలో ఈ సంభాషణ చాలామందికి అనుభవమే.

‘ఒరేయ్, పొద్దున పోయి రాత్రికి వస్తావు. అసలు ఆ ఆఫీసులో చేసేదేంట్రా?’

‘టెస్టింగ్ అమ్మా.’

‘అంటే?’

‘వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూస్తా.’

‘ఓస్, అంతేనా!’

అంతేనా అంటే... అంతే కాదు. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. మీ ఖాతా నుంచి మీ తమ్ముడి ఖాతాకి 500 రూపాయలు పంపారు. మీ దగ్గర 500 తగ్గాలి, అక్కడ 500 పెరగాలి. సగంలో నెట్ పోతే రెండూ జరగకూడదు. ఖాతాలో 499 రూపాయలే ఉంటే పంపడం కుదరదని చెప్పాలి. ఒకే బటన్ని పొరపాటున రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోకూడదు. ఇలా ఒక్క పనికే పదుల పరీక్షలుంటాయి. ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్‌కి ఇవి వేలల్లోకి చేరతాయి. ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మార్చినా వాటన్నిటినీ మళ్లీ మొదటి నుంచీ నడపాలి.

ఈ పరీక్షలు చేయాలంటే ఖాతాలు కావాలి. ఖాతాలుండే పుస్తకమే డేటాబేస్. కిరాణా కొట్టులో చిట్టా పుస్తకం లాంటిదే... కాకపోతే కోట్ల పేజీలుంటాయి, ఒకేసారి వేలమంది రాస్తుంటారు. అసలు చిట్టాలో పరీక్షల కోసం గీతలు గీయలేం కదా. మరి ఎక్కడ చేయాలి?

అందరికీ ఒకే కంచం

చాలాకాలం పాటు కంపెనీలు పాటించిన పద్ధతి ఒకటే. పరీక్షల కోసమని ఒక డేటాబేస్ పెట్టి, టీమ్‌లో అందరినీ అందులోనే పని చేసుకోమనేవారు. ఇప్పటికీ ఇలా నడిచే చోట్లున్నాయి. ఒకే కంచంలో పదిమంది తిన్నట్టన్నమాట!

ఒకరు పరీక్ష కోసం ‘రాము’ అనే ఖాతాదారుణ్ని చేర్చారు. అదే సమయంలో పక్క సీటులో ఉన్న ఇంకొకరి పరీక్ష ఖాతాదారుల్ని లెక్కపెడుతోంది. అయిదుగురు ఉండాల్సినచోట ఆరుగురు కనిపించారు. పరీక్ష ఫెయిల్! ప్రోగ్రాంలో తప్పేమో అని సగం రోజు వెతుకుతారు. ఏమీ దొరకదు. ఈలోగా రాముని తీసేశారు. మళ్లీ నడిపితే... పాస్! పొద్దున ఫెయిలై మధ్యాహ్నం పాసయ్యే పరీక్షల్ని ఎవరు నమ్ముతారు? ‘అది ఎప్పుడూ అంతేలే’ అని వదిలేయడం అలవాటవుతుంది. అలా వదిలేసిన వాటిలోనే ఓ రోజు నిజమైన తప్పు కూడా దాటిపోతుంది.

దీనికి మందేమిటో మన పెళ్లి భోజనాలు ఎప్పుడో చెప్పాయి. వచ్చిన ప్రతి అతిథికీ ఓ కొత్త విస్తరాకు వేస్తారు. ముందు తిన్నవాళ్ల మెతుకు ఒక్కటీ ఉండదు. తిన్నాక ఆకు తీసేస్తారు. కడిగే పని లేదు, పక్కవాళ్లతో పేచీ లేదు. ప్రతి పరీక్షకీ ఓ కొత్త డేటాబేస్ ఇచ్చి, పని కాగానే తీసేయడమూ సరిగ్గా ఇలాంటిదే.

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

అసలుకీ, పరీక్షకీ మధ్య గోడ ఎంత ముఖ్యమో చెప్పే సంఘటన ఒకటుంది. గిట్‌ల్యాబ్ అనేది ప్రోగ్రామర్లు తాము రాసినదంతా భద్రపరచుకునే వేదిక. 2017 జనవరి 31 రాత్రి ఆ సంస్థ డేటాబేస్ మొరాయించింది. అసలు సర్వరు, దానికి నకలుగా ఇంకో సర్వరు... ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవడం లేదు. దాన్ని సరిచేస్తున్న ఇంజినీరు, నకలు సర్వరులోని పాత ఫైళ్లు తీసేద్దామని ఆదేశం ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలోనే గుండె ఆగినంత పనైంది. తను ఉన్నది నకలులో కాదు, అసలుదానిలో! వెంటనే ఆపేశారు. అప్పటికే 300 గిగాబైట్లలో మిగిలింది దాదాపు 4.5 గిగాబైట్లు.

సరే, బ్యాకప్‌లు ఉంటాయిగా అనుకున్నారు. వెతికితే, అయిదు రకాల ఏర్పాట్లలో ఏ ఒక్కటీ నమ్మదగ్గట్టు పనిచేయడం లేదు. కొన్నయితే అసలు అమర్చనేలేదు. ఇక దిక్కేది?

ఆ రోజు ఆరు గంటల ముందు, అదే ఇంజినీరు ఓ ప్రయోగం కోసం డేటాబేస్ ప్రతిని తీసి పరీక్షల సర్వరులో పెట్టుకున్నారు. చివరికి ఆదుకున్నది అదే! దాన్నే తిరిగి ఎక్కించారు. సుమారు 18 గంటల తర్వాత సేవలు మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో పోయిన ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు. సంస్థ లెక్క ప్రకారం కనీసం 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, దాదాపు 700 మంది కొత్త సభ్యుల వివరాల మీద ఆ ప్రభావం పడింది. మెచ్చుకోవాల్సిందేమిటంటే, వాళ్లు ఏదీ దాచలేదు. మరమ్మతు పనుల్ని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. తప్పు ఒక మనిషిది కాదు, ఏర్పాట్లది అని తేల్చి, కారణాలన్నీ లోకానికి చెప్పారు.

మూడు దారులు

మరి విస్తరాకు డేటాబేస్‌ని ఎలా తయారుచేస్తారు? ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది పలకా బలపం పద్ధతి. డేటాబేస్‌లో ఏ పనినైనా ‘ట్రాన్సాక్షన్’గా మొదలుపెట్టొచ్చు. చివర్లో ఖాయం చేయమంటే నిలుస్తుంది, రద్దు చేయమంటే ఏమీ జరగనట్టే మాయమవుతుంది. పూర్తిగా జరగాలి లేదా అసలు జరగకూడదన్న ఈ నియమంతోపాటు మరో మూడింటికి కలిపి 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అనే శాస్త్రవేత్తలు ‘యాసిడ్’ అని పేరు పెట్టారు. పరీక్షంతా ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి చివర్లో రద్దు చేస్తే సరి. పలక తుడిచేసినట్టే. ఇది చాలా వేగం. కానీ చిక్కులు లేకపోలేదు. పరీక్షిస్తున్న ప్రోగ్రామే మధ్యలో ఖాయం చేసేసే రకమైతే తుడవడం కుదరదు. పైగా కొన్ని గుర్తులు చెరగవు. పోస్ట్‌గ్రెస్‌లో ఖాతాలకు వరసగా ఇచ్చే నంబర్లు, రద్దు చేసినా వెనక్కి రావు. చింపేసిన టోకెన్ నంబరు మళ్లీ రానట్టే!

రెండోది, తేలికపాటి డేటాబేస్‌ని కంప్యూటర్ జ్ఞాపకంలోనే సృష్టించడం. ఇందుకు పేరు పొందింది ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000 సంవత్సరంలో దీన్ని తయారుచేశారు. మీ జేబులోని ఫోన్లో కూడా ఉంటుంది. దీన్ని డిస్కు మీద ఒక్క ఫైలూ లేకుండా మెమరీలోనే నడపొచ్చు. ప్రోగ్రాం ఆగితే అదీ ఆవిరి. బాగానే ఉంది కానీ అసలు సాఫ్ట్‌వేర్ వాడేది పోస్ట్‌గ్రెస్ అనుకోండి... టెన్నిస్ బంతితో ప్రాక్టీసు చేసి లెదర్ బంతితో మ్యాచ్‌కి దిగినట్టవుతుంది. అంకెలుండాల్సిన చోట అక్షరాలు రాస్తే ఎస్‌క్యూలైట్ మామూలుగా ఏమీ అనదు, రాసేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ ససేమిరా అంటుంది. ఇక్కడ పాసైన పరీక్ష అక్కడ ఫెయిలవుతుంది.

మూడోది, అసలు డేటాబేస్‌నే చిన్న పెట్టెలో పెట్టి తేవడం. 2013లో వచ్చిన డాకర్ దీన్ని సులువు చేసింది. ఓ సాఫ్ట్‌వేర్ నడవడానికి ఏమేం కావాలో అన్నీ సర్దిన పెట్టెనే ‘కంటెయినర్’ అంటారు. ఆదేశం ఇస్తే కొన్ని సెకన్లలో నిఖార్సయిన పోస్ట్‌గ్రెస్ లేచి కూర్చుంటుంది. పది కావాలంటే పది. ఒకదాని తలుపు ఇంకొకదానికి అడ్డు రాకుండా ప్రతిదానికీ ఖాళీగా ఉన్న వేరే పోర్టు నంబరు ఇస్తారు. 2015లో రిచర్డ్ నార్త్ మొదలుపెట్టిన ‘టెస్ట్‌కంటెయినర్స్’ ఈ పనంతా పరీక్షే చేసుకునేలా చేసింది. పని ముగిశాక మిగిలిపోయిన పెట్టెల్ని వెతికి మరీ తీసేసే సహాయకుడు ఒకడుంటాడు అందులో. వాడి పేరు ‘ర్యూక్’. ‘డెత్ నోట్’ అనే జపాన్ కామిక్‌లో మృత్యుదేవత పేరూ అదే!

కరెంటు పోతే? పోనీ!

ఇన్ని వేల పరీక్షలకి ఇన్ని డేటాబేస్‌లంటే ఆలస్యం కాదా? అవుతుంది. అందుకే కొన్ని చిట్కాలు వాడతారు. అసలు డేటాబేస్ ఖాయం చేసిన ప్రతిసారీ సమాచారం డిస్కు మీదికి చేరిందో లేదో చూసుకుంటుంది. హఠాత్తుగా కరెంటు పోయినా మన డబ్బు లెక్క చెదరకూడదు కదా! పరీక్షల డేటాబేస్‌కి ఆ భయం లేదు. ఎలాగూ నిమిషంలో పోయేదే. కాబట్టి ఆ జాగ్రత్తను ఆపేస్తారు. ఫైళ్లని డిస్కుకి బదులు మెమరీలోనే ఉంచుతారు. వేగం పెరుగుతుంది. అయితే ఈ చిట్కాని పొరపాటున కూడా అసలు డేటాబేస్ మీద ప్రయోగించకూడదు.

ఇంకో ఉపాయం అచ్చు పోయడం. పట్టికలన్నీ సిద్ధం చేసిన ఒక డేటాబేస్‌ని మూసగా ఉంచుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని చూపించి ఇలాంటిదే ఇంకొకటి ఇమ్మంటే నకలు తీసిస్తుంది. ఇడ్లీ పాత్రలోలాగా అన్నీ ఒకే తీరు!

రాము, సోము సరిపోరు

ఆకు వేశారు సరే, వడ్డించేదేమిటి? ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. నిజమైన ఖాతాదారుల వివరాల్నే కాపీ చేసి పరీక్షలకు వాడేస్తారు. అంటే మీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా మీకు తెలియకుండానే ఎంతోమంది ల్యాప్‌టాపుల్లో తిరుగుతున్నట్టు. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అందుకే కల్పిత వివరాలే వాడటం మంచిది.

అవైనా తెలివిగా తయారుచేయాలి. ఉదాహరణకి ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కి మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘంతో గుడి అనే నాలుగు గుర్తులు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకీ 3 బైట్లు. అంటే ‘శ్రీ’కి 12, ‘శ్రీనివాస్’కి 30 బైట్లు! అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే పది బైట్లలోపే. పేరు కోసం 20 బైట్లే కేటాయించిన డేటాబేస్‌లో ఇంగ్లిష్ పేర్లతో చేసిన పరీక్షలన్నీ పాసవుతాయి. మన శ్రీనివాస్ వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది. ఇంటిపేరు ముందుండేవాళ్లు, ఇంటిపేరే రాయనివాళ్లు, ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లు... వీళ్లందరికీ ఆ విస్తట్లో చోటుండాలి. విసిరిపారేసే డేటాబేసే కదా, ఎన్ని వింతలు వడ్డించినా నష్టం లేదు.

అదొక్కటే చాలదు

అలాగని విస్తరాకే సర్వస్వం కాదు. పది ఖాతాలున్న డేటాబేస్‌లో రెప్పపాటులో వచ్చే జవాబు, కోటి ఖాతాల్లో నిమిషాలు తీసుకోవచ్చు. అందుకే చివరి దశలో అసలు పరిమాణంతో, అసలు ఏర్పాట్లతో కూడా పరీక్షించాలి. 2018 ఏప్రిల్లో బ్రిటన్‌కి చెందిన టీఎస్‌బీ బ్యాంకు సుమారు 50 లక్షల మంది ఖాతాల్ని కొత్త వ్యవస్థలోకి మార్చింది. ఎంతోమంది వారాల తరబడి తమ డబ్బు తాము తీసుకోలేక అవస్థ పడ్డారు. రెండు డేటా కేంద్రాలుంటే ఒక్కదాంట్లోనే కొన్ని కీలక పరీక్షలు జరిపారని తర్వాత విచారణలో తేలింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకి ఇదంతా ఇంట్లోనే నేర్చుకునే వీలుంది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్, టెస్ట్‌కంటెయినర్స్ ఉచితంగానే దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. డేటాబేస్‌ని పుట్టించి, పాడుచేసి, పారేసి, మళ్లీ పుట్టించి చూడొచ్చు. ఎవరి డబ్బూ పోదు, ఎవరి కొంపా మునగదు. తప్పు చేయడానికి ఇంతకన్నా భద్రమైన చోటు దొరకదు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ‘ఇవాళ టెస్టులన్నీ ఫెయిలయ్యాయి’ అని నీరసంగా ఇంటికొస్తే కంగారుపడకండి. అక్కడ ఫెయిలయ్యాయంటే మన దగ్గర ఫెయిలవకుండా ఆగాయన్నమాట. ముందు భోజనం పెట్టండి!