ఒకే దాకలో కోడి, దుంపలు... ఇంటిల్లిపాదికీ విందు

చాట్రాయి: తోటలో పొద్దంతా పనిచేసి ఇంటికి చేరాక పొయ్యి దగ్గర గంటసేపు నిలబడే ఓపిక ఎవరికుంటుంది? ఒకే దాకలో కోడినీ దుంపల్నీ పేర్చి, కిందా పైనా నిప్పులు వేసి వదిలేస్తే అవే మగ్గుతాయి. ఇటలీలో ఇళ్ళలో వండుకునే పద్ధతి ఇది. వాళ్ళు దీన్ని ‘పోల్లో ఎ పటాటే అల్ ఫోర్నో’ అంటారు. బట్టీలో కాల్చిన కోడి, బంగాళాదుంపలు అని అర్థం. పేరు పెద్దదే గాని పని చిన్నది. మనకు బట్టీ లేదని బెంగ అక్కర్లేదు. కోతలయ్యాక మామిడి చెట్ల నుంచి తీసేసే ఎండు కొమ్మల నిప్పులే చాలు.

ఏమిటి లాభం?

కిలో మాంసం కూర వండితే ఆరుగురికి ముక్కలు లెక్కపెట్టి వడ్డించాలి. అదే మాంసానికి ముప్పావు కిలో దుంపలు జతచేస్తే అందరికీ కడుపు నిండుతుంది. కోడి నుంచి కారే కొవ్వును, రసాన్ని దుంపలు పీల్చుకుంటాయి. కాబట్టి నూనె మూడు చెంచాలకు మించి పట్టదు.

పెరట్లో కోళ్ళు పెంచేవారికి ఇంకో లాభం ఉంది. పొదిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే. పది పెట్టలకు ఒక పుంజు చాలు. మిగిలినవి మేత తింటూ తిరుగుతుంటాయి. పందెం పుంజుల సంగతి వేరనుకోండి! రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెంచేవారికీ ఇదే లెక్క. అదనపు పుంజుల్ని ముదరకముందే ఇంటికి వాడుకుంటే మేత ఆదా, మాంసమూ లేతగా ఉంటుంది.

కావలసినవి

కోడి ముక్కలు కిలో (తోలుతో ఉంటే మంచిది), బంగాళాదుంపలు ముప్పావు కిలో, ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, నూనె మూడు పెద్ద చెంచాలు, నిమ్మకాయ ఒకటి, మిరియాల పొడి ఒక చిన్న చెంచా, వాము అర చెంచా, తగినంత ఉప్పు. ఇటలీ వాళ్ళు ఒరెగానో అనే ఆకు వేస్తారు. దాని ఘాటు మన వాముకు దగ్గర.

గాలివానకు రాలిన మామిడికాయలు అమ్మబోతే అడవి. అలాంటిది ఒక పుల్లకాయ ముక్కలు వేస్తే నిమ్మకాయతో పనే లేదు. దుంపల ధర ఎక్కువగా ఉంటే కంద వాడొచ్చు. కంద ముక్కల్ని ముందుగా చింతపండు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. లేకుంటే దురద పెడుతుంది. పచ్చబడిన, మొలకలెత్తిన బంగాళాదుంపలు వాడకూడదు.

చేసే విధానం

ముక్కలకు ఉప్పు, మిరియాలు, దంచిన వెల్లుల్లి, వాము, నిమ్మరసం, సగం నూనె పట్టించి అరగంట ఉంచండి. మట్టి దాక కొత్తదైతే ముందురోజే నీళ్ళలో నానబెట్టాలి. దాక అడుగున ఉల్లి చక్రాలు, వాటిపై మిగిలిన నూనె, కాస్త ఉప్పు కలిపిన దుంప ముక్కలు, టమాటాలు, అన్నిటికన్నా పైన కోడి ముక్కలు పేర్చండి. నీళ్ళు పోయొద్దు. పాత ఇనుప పెనం మూతగా పెట్టండి.

నిప్పులు కింద ఒక పాలు, పైన రెండు పాళ్ళు ఉండాలి. కింద ఎక్కువైతే అడుగంటుతుంది. పైన తక్కువైతే ముక్క ఎర్రబడదు. పాతిక నిమిషాలకు బూడిద దులిపి, మూత తీసి, దుంపల్ని ఒకసారి కలిపి, పైన కొత్త నిప్పులు వేయండి. ఫారం కోడికి మొత్తం యాభై నిమిషాలు పడుతుంది. ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల వేడిలో అంతేసేపు ఉంచితే సరి.

ముదురు నాటుకోడిని మాత్రం కొద్ది నీళ్ళలో మెత్తబడేదాకా విడిగా ఉడికించి, తర్వాతే దాకలో పెట్టాలి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, చారుకు పనికొస్తాయి.

వేసవిలో తోటలో ఎండుటాకులుంటాయి. పని అయ్యాక నిప్పుల మీద నీళ్ళు చల్లడం మరవొద్దు.

భయం వద్దు, అజాగ్రత్తా వద్దు

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో, ఏలూరు జిల్లా బాదంపూడిలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చాలామంది కోడి మాంసం మానేశారు. నిజానికి ముక్క లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ బతకదు. ఇతర సూక్ష్మజీవుల్నీ లెక్కలోకి తీసుకుంటే 74 డిగ్రీలు ఉండాలి. తొడ దగ్గర దబ్బనంతో గుచ్చి చూడండి. నీరు తేటగా వచ్చి, ఎముక నుంచి మాంసం సులువుగా విడిపోతే ఉడికినట్టే. ఎర్రగా వస్తే మరో పది నిమిషాలు ఉంచాలి.

అసలు ప్రమాదం వండిన ముక్కలో లేదు, జబ్బుకోడిని కోయడంలో ఉంది. తూగుతున్న, చచ్చిన కోడిని ‘పారేస్తే నష్టం’ అనుకుని కోయొద్దు. వట్టి చేతులతో ముట్టుకోవద్దు. వరుసగా చస్తుంటే వెంటనే పశువైద్యునికి చెప్పాలి. కొక్కెర తెగులుకు టీకాలు సకాలంలో వేయించాలి. పచ్చి మాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడిగాకే ఉల్లిపాయలు తరగండి.

దాకను నిప్పుల మీద పెట్టాక ఇంకొకరి కాపలా అక్కర్లేదు. ఈలోగా పశువులకు మేత వేసుకోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళే చేయాలని కూడా లేదు. ఈ ఆదివారం నిప్పులు మీరే రాజేసి చూడండి.