యూరియా దేశం, ఆకలి సముద్రం

మన రైతులు వరిచేలో చల్లే యూరియాలో కొంత ఖతర్ నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడి మెసాయీద్‌లో, 1969లో ఏర్పడిన కాఫ్కో కంపెనీ సహజవాయువునూ గాలిలోని నత్రజనినీ కలిపి ఏటా 50 లక్షల టన్నులకు పైగా యూరియా తీస్తుంది. కానీ ఆ దేశాన్ని మూడు వైపులా చుట్టుకున్న సముద్రంలో మొక్కలకు అందే నత్రజని చాలా తక్కువ.

కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు ఖతర్ తీరంలో పెరగదు. మొదటి కారణం వేడి. లోతు తక్కువైన ఆ నీరు వేసవిలో 35 డిగ్రీలు దాటుతుంది, కెల్ప్‌కు చల్లని నీరు కావాలి. రెండో కారణం ఆకలి.

కెల్ప్‌కు నేలలోంచి పీల్చుకునే వేళ్లు లేవు. నత్రజని రూపాలైన నైట్రేటునూ అమ్మోనియాన్నీ నీటిలోంచే ఒళ్లంతా తాగుతుంది. అవి కరువైతే ముందు ఎదుగుదల మందగిస్తుంది. ఎండ మాత్రం ఆగదు కదా, ఆకు చక్కెర చేస్తూనే ఉంటుంది. మాంసకృత్తులు కట్టడానికి నత్రజని లేక ఆ చక్కెర మానిటాల్, లామినరిన్ అనే నిల్వ పదార్థాలుగా పేరుకుంటుంది. ఇంట్లో బియ్యం నిండుగా ఉండి పప్పు నిండుకున్నట్టు! పత్రహరితం తగ్గి ఆకు రంగు వెలుస్తుంది. యూరియా అందని వరి దుబ్బులో అడుగు ఆకులు పసుపెక్కేదీ ఇందుకే.

కెల్ప్ ఎదుగుదలను కొలిచే పద్ధతి చాలా తేలిక. ఆకు మొదట్లో చిన్న రంధ్రం పొడుస్తారు. కొత్త భాగం కాడ దగ్గరే పుడుతుంది కాబట్టి రంధ్రం కొసవైపు జరుగుతుంది. ఎంత జరిగితే అంత ఎదిగినట్టు.

కెనడాలోని నోవా స్కోషియా తీరపు కెల్ప్ మీద చాప్‌మన్, క్రేగీ అనే శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన పరిశోధన నాకు ఎంతో ఇష్టం. ఆ మొక్క చలికాలంలో నైట్రేటును తన కణాల్లో, చుట్టూ ఉన్న నీటికంటే వేల రెట్లు చిక్కగా దాచుకుంటుంది. నీటిలో నైట్రేటు అయిపోయాక కూడా రెండు నెలలు ఎదుగుతుంది. వాళ్లు సముద్రంలోనే నైట్రేటు ఎరువు వేసి చూస్తే వేసవి ఎదుగుదల పెరిగింది. కాలిఫోర్నియా జెయింట్ కెల్ప్‌కు అంత నిల్వ లేదు, కొద్ది వారాలకే సరి. అందుకే 1982–83 ఎల్ నినో తెచ్చిన, నైట్రేటు కరువైన వేడినీటికి అక్కడి కెల్ప్ అడవులు కుదేలయ్యాయి.

ఖతర్‌కు దగ్గర్లో కెల్ప్‌ను చూడాలంటే ఒమన్ దక్షిణాన ధోఫార్ తీరానికి పోవాలి. మనకు తొలకరి తెచ్చే నైరుతి గాలే అక్కడ పైనీటిని తీరం నుంచి నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని, నైట్రేటు నిండిన నీరు పైకి వస్తుంది. ఎడారి అంచున ఎక్లోనియా అనే కెల్ప్ బతికేది ఆ నీటితోనే.