పాత పెట్టెకూ ఒక చీటీ

మీ ఇంట్లో పాత చెక్క పెట్టె ఉందా? అత్తగారి కాలం నాటి మంచం ఉందా? పిల్లల్ని ఊపిన తొట్టెల ఉందా? అయితే ఈ పాఠం మీ కోసమే.

పాత వస్తువులను దాచి, అందరికీ చూపించే చోటును మ్యూజియం అంటారు. హైదరాబాదులో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మేడ్చల్ నుంచైనా, శామీర్‌పేట నుంచైనా బస్సులో సికింద్రాబాదు పోవాలి. అక్కడ అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కాలి. దిగినాక కాస్త నడిస్తే చాలు. శుక్రవారం సెలవు.

మూడవ సాలార్‌జంగ్ నిజాం దగ్గర దివానుగా పని చేశాడు. దేశదేశాల వస్తువులు కొని ఇంటినిండా పెట్టాడు. 1949లో చనిపోయాడు. ఆ వస్తువులతో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు.

అక్కడ ఏనుగు దంతపు కుర్చీలు ఉన్నాయి. ఫ్రాన్సు రాజు టిప్పు సుల్తానుకు పంపిన కానుక అని చెబుతారు. ఇంకో చోట ఒక చెక్క బొమ్మ ఉంది. ఒకవైపు సైతాను, ఇంకోవైపు తల వంచుకున్న ఆడపిల్ల. రెండూ ఒకే మొద్దులో చెక్కారు. వెనుక వైపు కనిపించాలని అద్దం పెట్టారు.

చెక్కకు చెద, తేమ, ఎండ శత్రువులు. అందుకే మ్యూజియంలో చెక్క వస్తువులను వీటినుంచి కాపాడతారు. మన చేతుల చెమట కూడా చెరుపు చేస్తుంది. అందుకే ముట్టుకోనివ్వరు. టేకు చెక్కలో నూనె ఉంటుంది. దానికి చెద తొందరగా పట్టదు. టేకు పెట్టె తరాలు నిలిచేది అందుకే.

మ్యూజియంలో వస్తువు పక్కన చీటీ ఉంటుంది. అది ఏమిటి, ఏ దేశానిది, ఏ కాలానిది అని రాసి ఉంటుంది. చీటీ లేకపోతే అది వట్టి కుర్చీ.

మరి మన ఊళ్లో దర్వాజ, నాగలి, బండి, మంచం ఎవరు చేశారు? వడ్లాయన చేశాడు. చెక్కకు చెక్క కలిపి గట్టిగా బిగించాడు. ఆయన పేరు ఎక్కడ రాసి ఉంది? ముసలివాళ్లకే తెలుసు. వాళ్లు పోతే ఆ పేరూ పోతుంది.

పాత పెట్టెను పొయ్యిలోకి కట్టెలుగా కొట్టకండి. పాత సామాన్ల వాడికి ఊరికే ఇచ్చెయ్యకండి. ముందు అత్తను అడగండి. ఎవరు చేశారు? ఏ ఊరాయన? ఎవరి పెళ్లికి చేశారు?

చెప్పింది కాగితం మీద రాసి, పెట్టె మూత లోపల అంటించండి. ఇన్నాళ్లూ మనకు రాయడం రాలేదు. ఇప్పుడు వచ్చింది కదా!