పక్క చేని కూరగాయ పక్కింటి కుండలోకి ఎందుకు రాదు?

పొద్దుగూకే వేళ మార్కాపురం చుట్టుపక్కల ఏ పల్లె రోడ్డు మీదనైనా నిలబడి చూడండి. మిరప కోతలకు, పత్తి తీతకు పోయిన ఆడకూలీలు ఆటోల్లోంచి దిగుతుంటారు. చేతిలో ఖాళీ టిఫిను, నెత్తిన చుట్టిన తుండుగుడ్డ. ఇంటికి పోయేముందు దారిలో వున్న చిల్లరకొట్టు దగ్గర ఆగుతారు. కొట్టు ముందు బుట్టల్లో లారీల మీద బయటి నుంచి వచ్చిన టమాటాలు, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు వుంటాయి. "అన్నా, అరకిలో టమాటాలు, పది రూపాయల పచ్చిమిరగాయలు ఇయ్యి. లెక్కలో రాసుకో" అని సంచీలో వేయించుకొని పోతారు.

ఆ కొట్టుకు రెండు మైళ్ల దూరంలోనే బోరు కింద టమాటా వేసిన సన్నకారు రైతు వుంటాడు. ఆ పొద్దున కోసిన కాయను అతడు బాక్సులకెత్తి మండీకి తోలాడు. అది ఏ వూరి కూరలో వుడుకుతుందో ఆ రైతుకు తెలియదు. తన సంచీలో పడిన కాయ ఏ వూరి చేనిదో ఈ తల్లికీ తెలియదు. రెండు మైళ్ల దూరంలో వున్న ఇద్దరు పేదవాళ్లలో ఒకరు నేరుగా అమ్ముకోలేకపోతున్నారు, ఇంకొకరు నేరుగా కొనుక్కోలేకపోతున్నారు.

"పక్కనే తాజా కూరగాయలు పండుతుంటే జనం వాటిని వదిలి కొట్లల్లో వాడినవి కొంటారు. మన జనానికి ఆరోగ్యం విలువ తెలియదు" అని పట్టణాల్లో పెద్దమనుషులు నీతులు చెబుతుంటారు. ఈ మాటలో నిజమెంత?

రుచి తెలియక కాదు

చెట్టు నుంచి అప్పుడే కోసిన వంకాయ రుచి కూలీలకు తెలియదనడం కంటే అన్యాయం ఇంకొకటి లేదు. ఆ వంకాయ కోసేది వాళ్ల చేతులే. బెండకాయ గిల్లి చూసి లేతదో ముదిరిందో చెప్పేది వాళ్లే. అయినా కొట్టుకే ఎందుకు పోతున్నారు?

మొదటిది వేళ. రైతు గంప నెత్తిన పెట్టుకొనో, మోటారుసైకిలు మీద కట్టుకొనో వీధిలోకి తెచ్చేది తెల్లవారుజామున. ఆ వేళకు కూలీలు ఆటో ఎక్కే హడావిడిలో వుంటారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి గంప వుండదు, రైతూ వుండడు.

రెండవది నగదు. ఇదే అసలు సంగతి. వీధిలోకి వచ్చిన రైతుకు ఆ పూట డబ్బు ఆ పూటే కావాలి. మోటారు బాగుచేయించాలి, మందుల దుకాణంలో కట్టాలి, కోత కూలి ఇవ్వాలి. అరువు ఇచ్చే స్తోమత అతనికి లేదు. కూలి మనిషి చేతికి డబ్బు వచ్చేది రోజూ కాదు. మేస్త్రీ వారానికొకసారి ఇస్తాడు, ఒక్కోసారి కోత ముగిశాక ఇస్తాడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలి పదిహేను రోజుల్లోగా ఇవ్వాలని చెప్పింది. ఆ గడువు దాటిపోయి జనం బ్యాంకుల చుట్టూ తిరిగిన వారాలు ఎన్నో! "రైతు కాడ చౌకే, కాదనం. కానీ చేతిలో రూకలుండాలి గదా. కొట్టాయన కాడ రూపాయి ఎక్కువే, అయినా రాసుకుంటాడు." కూలిపేటల్లో ఎవరిని కదిలించినా లెక్క ఇట్లాగే తేలుతుంది.

ఒకసారి కొట్టులో బాకీ పడ్డాక మరో చిక్కు. ఉప్పు, నూనె, చింతపండు, పప్పు అన్నీ ఆ కొట్టువాడే ఇవ్వాలి. అతని బాకీ అట్లాగే వుంచి చేతిలో వున్న ఇరవై రూపాయలు పెట్టి రైతు దగ్గర వంకాయలు కొంటే రేపు ఆ కొట్టు మెట్లు ఎట్లా ఎక్కాలి? "నగదుకు వాడు, అరువుకు నేనా తల్లీ?" అని అడగడా? అందుకని రైతు గంప ఇంటి ముందుకే వచ్చినా ఆమె తల తిప్పుకొని లోపలికి పోతుంది. చూసేవాళ్లకు అది తాజా కూరగాయల మీద అయిష్టంగా కనిపిస్తుంది. నిజానికి అది బాకీ.

కూరకే మొదటి కోత

ఇంటి ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది కూర మీదనే. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద కార్డున్న వాళ్లకు మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం ఉచితంగా ఇస్తున్నారు. బియ్యం ఇంటికి వస్తున్నాయి, మంచిదే. కానీ ఆ అన్నంలోకి కూర రావడం లేదు. పచ్చిపులుసు, వూరగాయ, కారప్పొడి, ఎక్కడైనా ఇంత గోంగూర. దీనితోనే వారాలు గడిచే ఇళ్లు వున్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అవసరమన్నది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో 600 గ్రాములు! అరకిలో టమాటాలు రెండు రోజులకు సర్దుకునే ఇంటి ముందు ఈ లెక్క పెడితే నవ్వుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం 2019-20లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత వున్నది. అయిదేండ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి వున్నది. ఈ రక్తహీనతకు కారణాలు అనేకం. తినే అన్నంలో ఆకుకూర, కూరగాయ లేకపోవడం వాటిలో ఒకటి.

రైతు మెడకు మండీ తాడు

సరే, కూలీలు కొనలేకపోతున్నారు. రైతయినా తన వూళ్లో ఎందుకు అమ్ముకోడు?

ఎకరం టమాటా పెట్టాలంటే నారు కొనాలి, డ్రిప్పు పైపులు వేయాలి, ఎరువులు, మందులు చల్లాలి, కర్రలు పాతి కట్టాలి, కోత కూలి ఇవ్వాలి. ఈ డబ్బంతా పంట చేతికి రాకముందే కావాలి. సొంత భూమి వున్నవాడికే బ్యాంకులో సవాలక్ష అడ్డంకులు. ఇక కౌలు రైతు సంగతి చెప్పనక్కరలేదు. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ కార్డు రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. కార్డు లేదు, కార్డు లేనివాడికి అప్పు లేదు. చివరకు అతని ముందు మిగిలే తలుపు ఒక్కటే, మండీ వ్యాపారి తలుపు.

మండీ వ్యాపారి పెట్టుబడి ఇస్తాడు. అందుకు షరతు, పండిన కాయ తన మండీకే తోలాలి. పాటలో పలికిన ధర పేరుకే. అందులోంచి కమీషను, తరుగు, హమాలీ, బండి కిరాయి పోగా మిగిలింది బాకీలో జమ. రైతు చేతికి చీటీ వస్తుంది, డబ్బు రాదు. ఆ కాయ అక్కడినుంచి టోకు వ్యాపారి చేతికి, అతని నుంచి చిల్లర వ్యాపారి చేతికి మారి, ఒక్కోసారి బయలుదేరిన వూరికే తిరిగి వస్తుంది. అప్పటికి దాని ధర రెట్టింపు దాటుతుంది.

ఇది మేము కట్టిన కథ కాదు. సాక్షాత్తు రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రమే చెప్పింది: టమాటాకు వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు, ఉల్లికి 36 పైసలు, బంగాళాదుంపకు 37 పైసలు. మిగతా మూడింట రెండు వంతులు మధ్యలోనే ఖర్చవుతున్నది.

2023 వేసవి చివర టమాటా ధర కిలో వంద దాటినప్పుడు పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో కిలో యాభై రూపాయలకు అమ్మించింది. మంచిదే. కానీ రెండు నెలలు తిరక్కుండానే ధర కుప్పకూలి కోత కూలి కూడా రాక కాయ పారబోసినప్పుడు రైతుకు ఆ యాభై రూపాయల హామీ ఎవరూ ఇవ్వలేదు. ధర పెరిగితే వినియోగదారుడి కోసం కదిలే యంత్రాంగం, పడిపోతే రైతు కోసం ఎందుకు కదలదు?

ఇప్పుడు రెండు కొసలనూ కలిపి చూడండి. కూలితల్లి కొట్టు బాకీలో వున్నది. రైతు మండీ బాకీలో వున్నాడు. ఆమె ఎక్కడ కొనాలో కొట్టువాడి పుస్తకం నిర్ణయిస్తున్నది. అతడు ఎక్కడ అమ్మాలో మండీ పుస్తకం నిర్ణయిస్తున్నది. రెండు పుస్తకాలూ కలిసి పక్క చేని కాయను పక్కింటికి రానివ్వడం లేదు.

నీళ్లు లేని నెలలు

దీనికి తోడు ఈ సీమకు నీటి శాపం వున్నది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి విడదీసి అందులో కలిపారు. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా బోర్లలో నీటి మట్టం మాత్రం పైకి రాలేదు. గుండ్లకమ్మ మీద 16వ శతాబ్దిలో కట్టిన కంభం చెరువు వున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. పేరు గొప్పదే, కానీ వానలు మొగం చాటేసిన ఏడు ఆ చెరువూ ఎండుతుంది.

కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద రెండు సొరంగాలు తవ్వారు. 2024 మార్చి 6న వాటిని జాతికి అంకితం చేశామన్నారు. 28 ఏండ్లు గడిచిన ఆ నాటికి కూడా నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు, పొలాలకు నీరు పారలేదు.

వేసవి వచ్చిందంటే బోరు ఎండుతుంది, కూరగాయల మడి ఎండుతుంది. ఆ మూడు నాలుగు నెలలూ వూరి కాయ అనేదే వుండదు. అప్పుడు ఆదుకునేది మదనపల్లె వైపు నుంచో, కర్నూలు వైపు నుంచో వచ్చే లారీయే. ఏడాదిలో మూడో వంతు కనిపించని రైతు కంటే ఏడాది పొడుగునా తెరిచి వుండే కొట్టును జనం నమ్ముకుంటే అందులో వింత ఏమున్నది?

మచ్చలేని కాయ మోజు

ఇక పట్టణాల్లో నాలుగు రాళ్లున్న వాళ్ల తీరు వేరు. వాళ్లకు నగదు కొరత లేదు. వాళ్లకు కావలసింది ఒకే సైజు, ఒకే రంగు, మచ్చలేని కాయ. వూరి వంకాయకు పుచ్చు వుంటే పక్కన పడేస్తారు. "మందులు ఎక్కువ కొడతారండీ" అని ఇంకో మాట.

మందుల భయాన్ని కొట్టిపారేయలేము. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడరాదని 2005లోనే కేంద్రం నిషేధించింది. అయినా ఏ మందు ఎంత కొట్టాలో రైతుకు చెప్పేది ఎక్కువ చోట్ల మందుల దుకాణంవాడే. కానీ ఒక్క సంగతి ఆలోచించాలి. లారీలో వచ్చిన నిగనిగలాడే కాయకు ఎన్నిసార్లు మందు కొట్టారో ఎవరిని అడుగుతారు? వూరి రైతునైతే "ఏమన్నా, మందు కొట్టి ఎన్నాళ్లయింది?" అని ముఖాముఖి అడగవచ్చు. అబద్ధమాడితే రేపు మళ్లీ అదే వీధికి అతను రావాలి.

రైతుబజారు సరిపోదా?

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలి, ధర టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద వుండాలి. వుద్దేశం మంచిది. అవి వున్న పట్టణాల్లో జనానికి మేలు కూడా జరిగింది. కానీ పట్టణానికి ఇరవై మైళ్ల దూరంలో వున్న పల్లె రైతు రెండు గంపల కాయ కోసం బండి కిరాయి పెట్టి పోగలడా? ఆ పల్లె కూలి అరకిలో వంకాయల కోసం బస్సు ఎక్కగలదా? బాకీ వున్న రైతుకు మండీ నుంచి విముక్తి లేనంతవరకు బజారులో ఎంత జాగా ఇచ్చినా అతడు అక్కడికి రాలేడు. వారపు సంతకు తెచ్చినా గంప దించీ దించకముందే ఆశీలు వసూలు చేసేవాడు తయారు.

చేయదగిన పనులు వున్నాయి

ఇది మారని రాత కాదు. కేరళ వామపక్ష ప్రభుత్వం 2020 నవంబరు 1 నుంచి 16 రకాల కూరగాయలకు, పండ్లకు కనీస ధర ప్రకటించింది. సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి ఆ ధర నిర్ణయించారు. బ్రెజిల్ దేశం 2009లో చేసిన చట్టం బడిపిల్లల భోజనానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే సరుకు కొనడానికి ఖర్చు చేయాలన్నది. అక్కడ చేయగలిగినది ఇక్కడ ఎందుకు చేయలేము?

మన పల్లెల్లోనూ బడులున్నాయి, అంగన్‌వాడీలున్నాయి, సంక్షేమ హాస్టళ్లున్నాయి. రోజూ వందలాది మంది పిల్లలకు కూర వండుతున్నారు. ఆ కూరగాయలు ఆ మండలం రైతు దగ్గరే కొనాలని, డబ్బు వారంలోగా చెల్లించాలని నిబంధన పెడితే రైతుకు నమ్మకమైన గిరాకీ దొరుకుతుంది. పిల్లల కంచంలోకి తాజా కూర వస్తుంది.

పెద్ద పంచాయతీల్లో సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా, కూలీలు ఇల్లు చేరే వేళకు కూరగాయల అంగడి పెట్టాలి. అందులో గంపల మీద ఆశీలు రద్దు చేయాలి. మహిళా పొదుపు సంఘాలు రైతుకు నగదు చెల్లించి, సభ్యులకు వారం గడువు మీద కూరగాయలు ఇవ్వాలి. ఇందుకు ప్రభుత్వం మూలధనం ఇవ్వాలి. కౌలు రైతుకు యజమాని సంతకంతో పని లేకుండా సహకార సంఘాల్లో పంట అప్పు దొరకాలి. కూరగాయలకు కనీస ధర ప్రకటించాలి. వెలిగొండ నీరు చివరి ఎకరం దాకా పారాలి.

ఈ కోర్కెలు రైతు సంఘం ఒక్కటే అడిగితే చాలదు. వ్యవసాయ కార్మిక సంఘం, మహిళా సంఘం కలిసి అడగాలి. ఎందుకంటే ఇది అమ్మేవాడి సమస్య మాత్రమే కాదు, కొనేవాళ్ల సమస్య కూడా. కూలి పెరిగితే రైతుకు నష్టమనీ, కాయ ధర పెరిగితే కూలికి నష్టమనీ ఇద్దరినీ విడదీసి చెప్పేవాళ్లు వున్నారు. మధ్యలో పోతున్న 67 పైసల సంగతి మాత్రం వాళ్లు ఎత్తరు.

తాజా కూరగాయలు కొనడం లేదని కూలి తల్లిని నిందించడం తేలిక. ఆమె పేరు రాసిన బాకీ పుస్తకం మూసేయించడం కష్టం. మనం చేయవలసింది ఆ కష్టమైన పనే.