వెండి జుట్టు, తెల్ల రక్తకణములు

జుట్టునకు రంగు నిచ్చు పనియు, రోగముతో పోరాడు పనియు వేర్వేరని మనము తలంచుచుందుము. ఈ రెండును ఒకే యేర్పాటుపై నాధారపడి యున్నవని ఛెడియాక్-హిగాషి యను మిక్కిలి యరుదైన వ్యాధి తెలుపుచున్నది. దానిని గూర్చి మా చదువరులకు కొంత విన్నవింప దలచితిమి.

జుట్టునకు రంగు నిచ్చు మెలనిన్ కణములలోని చిన్న సంచులలో తయారగును. తెల్ల రక్తకణములలో క్రిములను చంపు రసములు చిన్న గుళికలలో నిలువయుండును. ఆ సంచులును, ఈ గుళికలును ఒకే జాతివి. ధాన్యమును చిన్న మూటలుగా కట్టినచో వాకిలి దాటును. అన్నిటిని కలిపి యొకే మూటగా కట్టినచో దాటదు. ఈ వ్యాధిలో జరుగునదియు నిట్టిదే. రంగు ముద్దలు కట్టుటచే జుట్టు వెండివలె మెరయును. తెల్లకణములలో గుళికలు మితిమీరి పెద్దవగుటచే క్రిములను చంపు శక్తి తగ్గి, బిడ్డకు మాటిమాటికి జ్వరములు, పుండ్లు కలుగును. ఒక్క వెండ్రుకను, ఒక్క రక్తపుబొట్టును సూక్ష్మదర్శినితో పరీక్షించిన, రెండింటను పెద్ద ముద్దలే కానవచ్చును.

దీనిని 1943లో క్యూబా వైద్యుడు బెగెజ్ సీజర్ మొదట వర్ణించెను. పిదప 1952లో ఆ దేశపు ఛెడియాక్, 1954లో జపాను వైద్యుడు హిగాషి వివరించిరి. దీనికి కారణమైన జన్యువు 1996లో తెలియవచ్చెను. బూడిద నీలపు బొచ్చుకై పెంచబడు అల్యూషియన్ మింక్ అను జంతువునకును ఈ వ్యాధియే కలదు. జనులు మెచ్చు ఆ రంగే దాని రోగచిహ్నము!

తల్లిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులై యుండియు, దోషముగల జన్యువును తెలియకయే మోయుచుందురు. అట్టివారికి పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు ఈ వ్యాధి రాగలదు. రక్తసంబంధీకుల వివాహములందు ఇట్టి కలయిక హెచ్చు. మేనరికములు వాడుకలో నున్న మన ప్రాంతమున పెద్దలు దీనిని తెలిసియుండుట మేలు. ఇది శాపము గాదు. తల్లి చేసిన తప్పును గాదు.

ఆరోగ్యవంతుని యెముక మూలుగను సకాలమున మార్చినచో రక్తమునకు సంబంధించిన యపాయము తొలగ గలదు. జుట్టు రంగు మాత్రము మారదు; కొందరికి పెద్దయైన పిదప నరముల బలహీనతయు కలుగవచ్చును. ఆలస్యమైనచో ప్రాణాపాయము. జుట్టు తెల్లబడుటకు వేరు కారణములును కలవు గాన, చూచినంతనే భయపడ బనిలేదు. కాని వెండి జుట్టుతో పాటు జ్వరములు మరల మరల వచ్చుచున్నచో బిడ్డను వైద్యునికి చూపుడు.

విద్యార్థులారా! అట్టి బాలుడు మీ తరగతిలో నున్నచో వానిని గేలి సేయకుడు. వాని ప్రక్కన కూర్చుండి చదువుకొనుడు.