సూరత్ పొగగొట్టాల లెక్క తేలిందిలా

సూరత్‌లో చీరల గుడ్డకు రంగు అద్దాలంటే ఆవిరి కావాలి. ఆ ఆవిరి కోసం పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామికవాడల్లోని అద్దకం మిల్లులు బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ మండిస్తాయి. పొగతో పాటు లేచే సన్నని ధూళి కణాలు మిల్లు గోడ దాటి బస్తీల మీదికి వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వెళ్లి, మగ్గాల మీద బతుకుతున్న వేలాది నేత కుటుంబాలు పీల్చేదీ ఈ గాలినే.

పొగగొట్టం నుంచి వెలువడే ధూళి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు మించకూడదన్నది నిబంధన. మించుతోందో లేదో తెలిసేదెలా? గుజరాత్ హైకోర్టు ఆదేశాలతో 1996లో అక్కడ ఆడిట్ పద్ధతి వచ్చింది. బయటి ఆడిటర్లు కొలిచి, కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక ఇస్తారు. చిక్కల్లా ఒక్కటే. అప్పట్లో ఆడిటరును ఎంచుకున్నదీ, ఫీజు ఇచ్చిందీ మిల్లు యజమానే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దే మాస్టారికి జీతం ఇచ్చినట్టన్నమాట.

దీన్ని తేల్చడానికి 2009–11 మధ్య అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 పరిశ్రమల్లో ఒక ప్రయోగం జరిగింది. తర్వాత 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో, ఆమెతో పాటు మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ ర్యాన్ మండలితో కలిసి దీన్ని చేశారు. సుమారు సగం పరిశ్రమలకు ఆడిటరును లాటరీలో కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్ని కొలతలను వేరేవాళ్లతో మళ్లీ కొలిపించారు. రెండో ఏడాది, సరిగ్గా చెప్పినవారికి ఎక్కువ ముట్టజెప్పారు.

పాత పద్ధతిలో ఆడిటర్ల లెక్క ప్రకారం ధూళి పరిమితి మీరినవి 7 శాతమే. తిరిగి కొలిస్తే 59 శాతం! ఎన్నో రీడింగులు 150కి కాస్త దిగువనే వచ్చి ఆగిపోయాయి. కొత్త పద్ధతిలో మాత్రం అంతా సవ్యంగా ఉందంటూ ఇచ్చే తప్పుడు నివేదికలు 80 శాతం తగ్గాయి. నిజం బయటపడుతుందని తెలిసిన పరిశ్రమలు కాలుష్యాన్నీ తగ్గించుకున్నాయి. 2015లో మండలి ఆడిట్ నిబంధనలను మార్చింది.

మరి మనిషిని తప్పించి యంత్రాన్ని పెడితే? సూరత్ మిల్లుల పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు అమర్చారు. రీడింగు నేరుగా మండలికి చేరుతుంది. ఇక్కడే ఆశ్చర్యం ఎదురైంది. పరికరాలు పెట్టినంత మాత్రాన కాలుష్యం తగ్గలేదు. అప్పటి చట్టం మండలి చేతికిచ్చినవి మూసివేత, క్రిమినల్ కేసు వంటి పెద్ద ఆయుధాలు. చిన్న తప్పుకు వాటిని ఎవరూ బయటికి తీసేవారు కాదు. సమాచారం వచ్చింది గానీ దానితో చేయగలిగింది తక్కువ.

ఆ లోటు పూరించడానికి 2019లో ధూళి కణాల పర్మిట్ల బజారు మొదలైంది. ధూళి కణాల విషయంలో ప్రపంచంలో ఇదే మొదటిది. బజారులోని మిల్లులన్నీ కలిసి నెలకు ఎన్ని టన్నులు వదలవచ్చో మండలి ముందే నిర్ణయిస్తుంది. మొదట 280 టన్నులు, తర్వాత 170. ఆ మేరకే పర్మిట్లు ఉంటాయి. తక్కువ ఖర్చుతో ధూళి తగ్గించుకోగల మిల్లు మిగిలిన పర్మిట్లు అమ్ముకుంటుంది, తగ్గించుకోలేనిది కొనుక్కుంటుంది. కిలో ధూళి ధర 5 రూపాయలకు తగ్గదు, 100 రూపాయలు దాటదు. పర్మిట్ లేకుండా వదిలితే, ముందే కట్టిన డిపాజిట్‌లోంచి కిలోకు 200 రూపాయలు కోత. జరిమానా చిన్నదే గానీ తప్పదు. యజమానులను కదిలించింది ఆ తప్పనితనమే అనిపిస్తుంది.

మొత్తం 317 మిల్లుల్లో 162 లాటరీలో ఈ బజారులోకి వచ్చాయి, మిగతావి పాత నిబంధనల కిందే ఉన్నాయి. 2025లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో గ్రీన్‌స్టోన్, పాండే, ర్యాన్, అనంత్ సుదర్శన్ వెల్లడించిన ఫలితాల ప్రకారం, బజారులోని మిల్లుల ధూళి మిగతా వాటికంటే 20–30 శాతం తగ్గింది. వదిలిన ధూళికి సరిపడా పర్మిట్లు చూపడం 99 శాతం సందర్భాల్లో జరిగింది. పాత పద్ధతిలోని మిల్లుల్లో దాదాపు మూడో వంతు పరిమితి మీరుతూనే ఉన్నాయి. ధూళిని అదే స్థాయికి తగ్గించడానికి అయ్యే ఖర్చు కూడా బజారులో 11 శాతం తక్కువని అంచనా.

అయితే ఈ లెక్కలోకి వచ్చేది పొగగొట్టంలోని ధూళి ఒక్కటే. అదే గొట్టంలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గానీ, మిల్లులు వదిలే రంగు నీళ్లు గానీ, రోడ్డు మీద లారీల పొగ గానీ ఈ పర్మిట్లలో లేవు.