ఆమె కోసం దిద్దిన పట్టా

1943లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచు. 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, ఒళ్లో చంటిబిడ్డ ఉండగా మళ్లీ చదువుకు కూర్చున్నారు. పట్టా మీద ఇంగ్లీషులో ‘అతడు’ అని అచ్చయివుంటే, దాన్ని కలంతో కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సివచ్చింది. తర్వాతి కాలంలో భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె చెయ్యి ఉంది. తెలివి ఆమెదే, తలుపు తెరిపించింది మాత్రం అదే కాలేజీలో ప్రొఫెసరైన తండ్రి. అలాంటి తండ్రి లేని పిల్లల మాటేమిటి?

2018లో ఐఐటీలు అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టింది అందుకే. అంతకుముందు కొత్తగా చేరేవారిలో నూటికి పదిమంది అమ్మాయిలైనా ఉండేవారు కాదు; 2020కల్లా ఆ వాటా 20 శాతం దరిదాపులకు వచ్చింది. దీనివల్ల ప్రతిభకు అన్యాయం జరగదా అని అడుగుతారు. ఈ సీట్లు అబ్బాయిల వాటాలోంచి కోసినవి కావు, పైన చేర్చినవి. అమ్మాయిలూ అదే జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి. ర్యాంకు కాస్త వెనక కదా అంటే, ఆ ర్యాంకు వెనకున్న ఖర్చూ లెక్కలోకి రావాలి. కొడుకునైతే అప్పుచేసైనా దూరపు కోచింగ్ హాస్టల్లో వేస్తాం, కూతురికి ఊళ్లో కాలేజీ చాలంటాం. అంతెందుకు, ఇంట్లో స్విచ్‌బోర్డు విప్పాల్సి వస్తే స్క్రూడ్రైవర్ ఎవరి చేతికిస్తున్నాం?